బొంతకు అంచు కట్టే వేళ



దసరా వెళ్లిపోయింది. తెల్లవారుజామున లేచి ఫ్యాను తగ్గించుకుంటున్నాం. కార్తీకం వచ్చేసరికి ఒక్క దుప్పటి చాలదు. ఇలాంటి రోజుల్లో బొంత గురించి మాట్లాడాలని వచ్చాను. బొంత ఎలా మొదలుపెట్టాలో చెప్పడానికి మాత్రం కాదు. ఎండాకాలంలో ఎంతో ఇష్టంగా మొదలుపెట్టి, ముప్పాతిక వంతు కుట్టి, వానలు పడగానే మడిచి అటక మీద పెట్టేసిన బొంతలు మన ఇళ్లలో చాలా ఉన్నాయి. వాటిని దించి, చలి ముదరక ముందే పూర్తి చేయమని మిమ్మల్ని అడగడానికి వచ్చాను.

బొంతను ఎండాకాలంలో మొదలుపెట్టడం మన పెద్దవాళ్ల లెక్క. అప్పుడు పొలం పని ఉండదు, పొద్దు తొందరగా కుంకదు. చీరలు ఉతికి ఆరేస్తే గంటలో ఆరిపోతాయి. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద చాప పరిచి, అమ్మలక్కలు నలుగురూ నాలుగు పక్కల కూర్చునేవాళ్లు. మృగశిర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడితే మాత్రం ఆ నలుగురూ చేనికి పోవాల్సిందే. విత్తనం, కలుపు, కోత, ఒకదాని వెనక ఒకటి. అందుకే బొంత ఆగిపోయేది. ఇప్పుడు చేలకు పోయేవాళ్లు తగ్గినా ఆ అలవాటు పోలేదు. బళ్లు తెరిచారంటే చాలు, సూది పక్కన పెట్టేస్తున్నాం.

చలికి ముందు గుడ్డ కుట్టి ముగించాలన్న పట్టుదల ఈ దేశంలో చాలా పాతది. బౌద్ధ భిక్షువులు వానాకాలం మూడు నెలలూ ఒకే చోట ఉండిపోతారు. ఆ వర్షావాసం ముగిశాక, ఆశ్వయుజ పూర్ణిమ నుంచి కార్తీక పూర్ణిమ లోపల, కఠినమనే ఉత్సవం జరుగుతుంది. ఊరివాళ్లు గుడ్డ ఇస్తారు. దాన్ని కత్తిరించి, కుట్టి, రంగు వేసి, మర్నాడు తెల్లవారే లోపల ఒక భిక్షువుకు చీవరంగా అందించాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కాబట్టి సంఘమంతా కూర్చుంటుంది. ఆ చీవరం కూడా ముక్కలు అతికినదే. మగధలో వరిమళ్లనూ వాటి గట్లనూ చూపించి, ఇలాంటి కూర్పుతో వస్త్రం కుట్టగలవా అని బుద్ధుడు ఆనందుణ్ణి అడిగాడని వినయపిటకం చెబుతుంది. మన కృష్ణ ఒడ్డున అమరావతిలో, నాగార్జునకొండలో విహారాలు కట్టుకున్న ధర్మమే ఇది. నాకు ఇందులో నచ్చేది ఆ గడువు. మంచి గుడ్డ దొరికింది కదా, తీరిగ్గా కుట్టుకుందాం అని లేదు. తెల్లారేసరికి ఒక మనిషి ఒంటి మీద ఉండాలి.

మన బొంత ఒక్క రాత్రిలో అయ్యేది కాదు. ఎంత పని ఉందో ఒకసారి లెక్క వేసుకుందాం. చీర ఐదున్నర మీటర్లు, పన్నా 1.15 మీటర్లు అటూ ఇటూ. దాన్ని సగానికి చించి, రెండు ముక్కలూ పక్కపక్కన కలిపి కుడితే 2.75 మీటర్ల పొడవు, 2.30 మీటర్ల వెడల్పు వస్తుంది. ఇద్దరు హాయిగా కప్పుకోవచ్చు. అలాంటి పొరలు మూడు నాలుగు వేసి, రెండు సెంటీమీటర్లకు ఒక వరుస చొప్పున పొడవునా కుట్టుకుంటూ పోతే 115 వరుసలవుతాయి. అంతా కలిపితే 300 మీటర్ల పైచిలుకు కుట్టు. సూది పైకి లేచి కిందికి దిగడానికి ఒక సెంటీమీటరు అనుకుంటే, ముప్పై వేలకు పైగా కుట్లు. ఇదంతా అయ్యాక మిగిలేది చుట్టూ అంచు. అది ఎంతని? పది మీటర్లు. 300 మీటర్లు కుట్టిన మనిషి ఆ పది మీటర్ల దగ్గర ఆగిపోతోంది. అటక మీద ఉన్న మీ బొంత తీసి చూడండి, నూటికి తొంభై వంతులు అక్కడే ఆగి ఉంటుంది.

కారణం ఉంది. నడిమి కుట్టు చేతికి అలవాటు పని, కబుర్లు చెప్పుకుంటూ కుట్టొచ్చు. అంచు అలా కాదు. దాని దగ్గరికి వచ్చేసరికి, అంతదాకా చేసిన ప్రతి చిన్న తేడా బయటపడుతుంది. కుట్టేటప్పుడు పైపొర సూదితో పాటు కొంచెం కొంచెం ముందుకు జరుగుతుంది. ఒక్కో వరుసలో వెంట్రుకవాసి జరిగినా, చివరికి వచ్చేసరికి పైచీర నాలుగు వేళ్లు బయటికి వస్తుంది, అడుగుచీర లోపల ఉండిపోతుంది. ఒక మూల ఉబ్బుతుంది. దాన్ని చూసి దిగులుపడి మడిచేస్తాం. దిగులు అక్కర్లేదు, కత్తెర కూడా వెంటనే తీయొద్దు. బొంతను శుభ్రమైన నేల మీద పరిచి, అరచేతితో మధ్య నుంచి అంచుల వైపు నిమురుకుంటూ రండి. ఉబ్బు చాలావరకు సర్దుకుంటుంది. అప్పటికీ మిగిలినది లోపలి పొరల్లో మాత్రం కత్తిరించండి. పైదీ అడుగుదీ ముట్టుకోవద్దు. ఆ రెండే రేపు మడతకు కావాలి.

ఏ చీర ఏ పొరలో వేశారన్నది కూడా ఇక్కడే తేలుతుంది. బాగా పల్చబడిన చీరలు నడుమ ఉండాలి. వెంకటగిరి చీర ఎంతో సన్నని నేత, మెత్తన, ఒంటికి హాయి. కానీ పాతబడ్డాక రాపిడికి ఆగదు, దాన్ని లోపల దాచాలి. మంగళగిరి నేత చిక్కన, పైన వేసినా నిలబడుతుంది. నారాయణపేట గళ్ల చీర పైన వేస్తే ఆ గళ్లే కుట్టుకు గీతల్లా దారి చూపిస్తాయి, వంకర పోదు. జరీ అంచు ఎంత అందంగా ఉన్నా తీసేయాలి. పసిపిల్లల బుగ్గకు గీసుకుంటుంది. ఒకే చీరలో కూడా అన్ని చోట్లా ఒకే బలం ఉండదు. కుచ్చిళ్ల కింది భాగం కాళ్లకు రాసుకుని ముందే అరిగిపోతుంది. కూర్చునే చోట పల్చబడుతుంది. కొంగు గట్టిగానే ఉంటుంది. అరిగిన భాగం మీదకు ఇంకో చీర గట్టి భాగం వచ్చేలా పొరలు మార్చి వేసినవాళ్లదే బొంత, ఎక్కడ పట్టుకున్నా ఒకే మందం తగులుతుంది.

పొందూరు ఖద్దరు చీర ఎవరింట్లోనైనా ఉంటే ఒక్క మాట. ఆ నూలు తీయడానికి ముందు దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేస్తారు. అంత ఓపికతో పుట్టిన గుడ్డను పాతదైందని గిన్నెల కింద మసిగుడ్డ చేయొద్దు. బొంతలో దానికి ఇంకో పదేళ్ల ఆయుష్షుంది.

పాత నూలు చీరే ఎందుకంటారా? కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, నూలు పురి బిగువుగా ఉంటుంది. నాలుగు పొరలు వేస్తే సూది దిగదు. ఏళ్ల తరబడి ఉతికిన చీరలో గంజి పోయి, పురి సడలి, పోగుల మధ్య గాలికి చోటు దొరుకుతుంది. చలి ఆపేది ఆ గాలే. పొరకూ పొరకూ మధ్య కదలకుండా నిలిచిన గాలి మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. మామూలు వాతావరణంలో నూలు తన బరువులో ఏడెనిమిది శాతం దాకా తేమను పట్టుకుంటుంది, పాలియెస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. అందుకే పాలియెస్టర్ చీరలతో కుట్టిన బొంత కప్పుకుంటే నడిరాత్రి చెమట పట్టి తోసేస్తాం, తోసేస్తే చలి. ఈ మధ్య ఇళ్లలో నూలు చీరలు తక్కువ, సింథటిక్ చీరలు ఎక్కువ. ఉన్నాయి కదా అని కలపొద్దు. నూలు చీరలు రెండే దొరికితే రెండు పొరల బొంత కుట్టండి, అది ఉయ్యాల్లో పిల్లకు వస్తుంది.

పాత చీరలిస్తే మెషిన్ మీద బొంత కుట్టిచ్చేవాళ్లు ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నారు. వాళ్ల జీవనం అది, వద్దనను. కానీ అరిగిన గుడ్డ మీద మెషిన్ సూది దగ్గర దగ్గరగా పొడుచుకుంటూ పోతే, కొన్నాళ్లకు ఆ గీత వెంబడే చిరుగుతుంది. పాత గుడ్డకు చేతి కుట్టులోని ఎడం కావాలి.

అంచు దగ్గరికి వద్దాం.

బొంత ముందు చిరిగేది అంచునే. రాత్రి పక్కవాళ్లు లాక్కునేది అక్కడే, కాళ్లతో తన్నేది అక్కడే, ఉతికేటప్పుడు పట్టుకుని పిండేదీ అక్కడే. అడుగు చీరను నాలుగు వేళ్లు అదనంగా వదిలితే దాన్నే రెండు మడతలు వేసి పైకి తెచ్చి కుట్టొచ్చు. మా వైపు ఇదే ఎక్కువ. అలా వదలకపోతే వేరే పట్టీ కట్టాలి. ఈ పట్టీని గుడ్డకు ఏటవాలుగా కత్తిరించుకోమని నా సలహా. నిలువుగా కత్తిరించిన పట్టీ మడత మీద, ఒకటి రెండు పోగులే రాపిడంతా మోస్తాయి. అవి తెగాయంటే అంచు పొడవునా విచ్చుకుంటుంది. ఏటవాలు పట్టీలో ప్రతి పోగూ మడతను అడ్డంగా దాటుతుంది, రాపిడి వేల పోగుల మీద పంపిణీ అవుతుంది. ఒకటి తెగినా పక్కది నిలబెడుతుంది. గుడ్డ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, అంతే.

దారం మూరన్నర మించొద్దు. తొందరగా అయిపోతుందని బారెడు దారం ఎక్కిస్తే, సూది నాలుగు పొరల్లోంచి దూరి దూరి చివరికొచ్చేసరికి దారం నూగు లేచి తెగిపోతుంది. మాటిమాటికీ దారం ఎక్కించడం చూపు ఆననివాళ్లకు కష్టం, నిజమే. దానికి మన ఇళ్లలో చక్కటి ఉపాయం ఉండేది. పిల్లలు బడికి పోయే ముందు పది సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి పోయేవాళ్లు. అవ్వకు సాయంత్రం దాకా సరిపోయేవి.

మూల తిప్పడం అన్నిటికన్నా కష్టం. రెండు వైపుల మడతలూ ఒకదాని మీద ఒకటి పడి అక్కడ పన్నెండు, పదహారు పొరలవుతాయి. సూది దిగదు. దబ్బనంతో పొడిచి లాగితే రంధ్రం మిగులుతుంది. అందుకని ముందు మూలను ముక్కోణంగా లోపలికి మడిచి, లోపలి పొరల కొసలు కత్తిరించి, అప్పుడు రెండు అంచులనూ ఏటవాలు గీత మీద కలపాలి. మా జేజి ఈ పని రాత్రిపూట చేసేది కాదు. పొద్దున్నే, వెలుతురు వాకిట్లోకి వచ్చాక, బొంత మూలను మోకాలి మీద వేసుకుని, బొటనవేలి గోటితో మడతను గీరి గీరి పదును చేసేది. ఆ గీటు మీద సూది పెట్టేది. వేలికి ఇత్తడి అంగుస్తాను. నాకు అప్పట్లో బొంత ఎప్పుడు కప్పుకుందామా అన్న తొందర.

“అయిపాయెనా జేజీ?”

“యాడయిపాయ మే, ఇంగ మూలలుండాయి గదా.”

“నాలుగే గదా!”

“ఆ నాలుగే గదమ్మా బొంతను పట్టుకొనేది.”

మూల కుట్టాక దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి నలిపి చూసేది. గడ్డగా తగిలితే విప్పేది. మళ్లీ కుట్టేది.

మూల మీద ఇంత శ్రద్ధ మన ఒక్కరిదే కాదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా హళియాళ, ఎల్లాపుర, ముండగోడు ప్రాంతాల్లో సిద్ది జనం ఉన్నారు. శతాబ్దాల కిందట ఆఫ్రికా నుంచి ఈ తీరానికి తెచ్చినవాళ్ల సంతతి. వాళ్ల ఆడవాళ్లు కవంది అనే బొంత కుడతారు. మనం ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వరుసలు వేస్తే, వాళ్లు అంచు నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ, ముక్క పక్కన ముక్క పెట్టుకుంటూ మధ్యకు వస్తారు. వాళ్ల బొంత నట్టనడుమ పూర్తవుతుంది. అయినా నాలుగు మూలలకూ రంగు గుడ్డను మడతలు మడిచి త్రికోణాల్లా కుడతారు. వాటిని ఫులా అంటారు, అంటే పూలు. అవి లేకపోతే ఆ కవందిని బోసిగా ఉన్నట్టు, బట్ట కట్టనట్టు భావిస్తారు. హెన్రీ డ్రూవల్ అనే అమెరికా కళా చరిత్రకారుడు ఈ బొంతలను ఏళ్ల తరబడి పరిశీలించి, బయటి లోకానికి పరిచయం చేశారు. ఆ బొంతల ఫొటోలు చూసినప్పుడు నా కన్ను ముందు మూలలకే పోయింది.

అంచు అయ్యాక దారం కొస గురించి చాలామంది పట్టించుకోరు. ముడి వేసి కత్తిరించేస్తారు. ఆ ముడి రెండు ఉతుకులకు ఊడుతుంది, లేదా నిద్రలో పిల్లల చర్మానికి గుచ్చుకుంటుంది. చివరి కుట్టు పడ్డాక, వచ్చిన దారిలోనే రెండు మూడు కుట్లు వెనక్కి నడవండి. తర్వాత సూదిని పొరల మధ్యకు దూర్చి, బెత్తెడు దూరం లోపల్లోపల నడిపించి, పైకి తీసి, దారాన్ని కాస్త లాగి పట్టుకుని గుడ్డకు ఆనించి కత్తిరించండి. కొస లోపలికి జారిపోతుంది. మొదట్లో పొరలు కదలకుండా వేసిన కచ్చా కుట్లు ఇప్పుడు విప్పాలి. ముందే విప్పేస్తే అంచు కట్టేటప్పుడు పొరలు జారతాయి.

ఇక ఉతకడం. కుట్టిన బొంతను ఒకసారి ఉతికి ఆరేస్తేనే అది పూర్తయినట్టు. కుట్టేటప్పుడు చేతి చెమట, నేల దుమ్ము పట్టి ఉంటాయి. పైగా మొదటి తడుపులో దారం కొద్దిగా ముడుచుకుని, కుట్టు కుట్టుకూ మధ్య గుడ్డ చిన్న చిన్న అలల్లా లేస్తుంది. అడుగున కొత్త మల్లు గుడ్డ వేసేవాళ్లు దాన్ని ముందే తడిపి ఆరబెట్టుకోవాలి. లేకపోతే పాత చీరలు అలాగే ఉండి, కొత్తది ఒక్కటీ ముడుచుకుని బొంత గిన్నెలా వంగుతుంది. తడిసిన బొంత పొడి బొంతకన్నా ఎంతో బరువు. ఒంటి దండెం మీద వేలాడదీస్తే ఆ నీటి బరువంతా మధ్య వరుసల మీద పడి కుట్లు సాగుతాయి. రెండు దండేల మీద పరచండి, లేదా మిద్దె మీద చాపలు వేసి ఆరేయండి, మధ్యాహ్నం తిప్పండి. కార్తీకంలో ఎండ తక్కువ, రెండు రోజులు పడుతుంది. లోపల తడి మిగిలితే వాసన పడుతుంది, ఆ వాసన తొందరగా వదలదు. దీపావళి లోపల ముగించమని నేను పట్టుబట్టేది అప్పటి ఎండ కోసమే. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు, లంబసింగి వైపు ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ కొన్నేళ్లు రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగుతుంది, పొద్దున తొమ్మిది దాకా మంచు విడవదు.

ఒక్కరే కూర్చుంటే ఈ పని సాగదు, అదీ తెలుసు. ఒక ఆదివారం పక్కింటివాళ్లను పిలవండి. నాలుగు అంచులకు నలుగురు కూర్చుంటే తలా రెండున్నర మీటర్లు. పొద్దుగూకేలోపు అయిపోతుంది. వచ్చే ఆదివారం వాళ్ల బొంతకు మీరు వెళ్లండి. అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్లకు మేడ మీద చోటుంది. మగపిల్లలను కూడా కూర్చోబెట్టండి, సూది పట్టుకోవడం అందరికీ రావాలి.

చివరిగా ఒక కోరిక. బెంగాలులో కంథా అని మన బొంతకు అక్కలాంటిది ఉంది. అక్కడ పాత చీరల అంచుల్లోంచి రంగు పోగులు లాగి, ఆ దారంతోనే బొమ్మలు కుట్టేవారు. గురుసదయ్ దత్ అనే ఐసీఎస్ అధికారి అలాంటివి ఊరూరా తిరిగి సేకరించారు. కోల్‌కతా దగ్గర జోకాలో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఒక కంథా ఉంది. 19వ శతాబ్దిలో మానదాసుందరి దాసి అనే ఆమె తన తండ్రి కోసం కుట్టింది. ఎవరు కుట్టారో, ఎవరికి కుట్టారో దాని మీదే దారంతో రాసుకుంది. అందుకే ఇవాళ ఆమె పేరు మనం చెప్పుకోగలుగుతున్నాం. మన బొంతల మీద కుట్టినవాళ్ల పేరు నేను ఎక్కడా చూడలేదు. మా జేజి కుట్టిన వాటి మీద కూడా లేదు. ఈసారి అంచు కట్టాక, ఆఖరి మూల పక్కన, అడుగు వైపు, గొలుసు కుట్టుతో అరచేయంత మేర మీ పేరు కుట్టండి. కప్పుకునే బిడ్డ పేరు వేరే రంగులో కింద కుట్టుకోవచ్చు, పైన మాత్రం మీ పేరే ఉండాలి. ఊరి పేరు, సంవత్సరం కూడా వేయండి. అది ఉతుకుల్లో వెలిసిపోకుండా ఉండాలంటే రంగు దారాన్ని ముందు ఒక పూట నీళ్లలో నానబెట్టి, రంగు దిగదని చూసుకుని వాడండి.